పొట్ట కింద వెయ్యని పూత

జనవరి 6, సోమవారం

షరీఫ్ సాబ్ బోధన్ నుంచి నిజామాబాద్‌లో నా షాపుకు ట్రాలీ ఆటోలో విమానం తెచ్చాడు. ఆటో వాడు ఇది ఎవరిని కూచోబెట్టుకుంటది సాబ్ అని అడిగితే, నిన్ను తప్ప అందర్నీ అన్నాడట.

రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు ఐదడుగులు. బాల్సా కట్టె, పైన పల్చటి సిల్కు గుడ్డ. ముక్కుకు నిజమైన ఇంజిన్, పిడికిలంత. మూడేళ్లు కట్టాడు. చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసినవాడు, అది మూతపడ్డాక ఇంట్లో ఖాళీగా కూర్చోలేక మొదలుపెట్టిన పని. నడిపేది మాత్రం ఆయన కాదు, కూతురు అల్మాస్. బోధన్‌లో ఏదో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఆయన చేతులు వణుకుతాయి. రిమోట్ పట్టుకుంటే పుల్లలు రెండూ ఊగుతాయి.

నేను ఇరవై రెండేళ్లుగా బండ్లకు రంగులు కొడుతున్నాను. నా షాపులో నా స్టూలు మీదే కూర్చుని నాకే గంటసేపు రంగు పాఠం చెప్పాడు. దేఖో ముత్యం, ఇది పెట్రోలు కాదు, మెథనాల్ల ఆముదం కలిపిన నూనె. సైలెన్సర్ల నుంచి సగం కాలకుండనే బయటికొస్తది, మొత్తం పొట్టకే కొడతది. ఉత్త లక్కర్ వేస్తే చక్కెర పాకం తీర్గ కరిగిపోతది. టూకే క్లియర్, అంటే హార్డనర్ కలిపే రంగులేని వార్నిష్, మూడు పూతలు, హార్డనర్ కొలిచి పొయ్యాలె, అందాజగా పొయ్యద్దు. వారం ఆరాలె. యాద్ పెట్టుకో. మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. కాగితం మీద కూడా రాసిచ్చాడు.

సాబ్, నేను నంబర్ ప్లేట్లకు పసుపు పెట్టే పూజారిని కాదు, పెయింటర్‌ని అన్నాను. నవ్వాడు. మళ్లీ మూడోసారి చెప్పాడు.

పోతూ పోతూ అరచెయ్యంత కట్టెముక్క ఇచ్చాడు. వాళ్ల వర్క్‌షాప్ అలవాటట. ఏ పని చేసినా అదే చేత్తో ఒక నమూనా ముక్క చేసి, వెనక పేరూ తారీఖూ రాసి పెట్టేవాళ్లట. రేపు పని మీద లొల్లి అయితే ముక్క సాక్ష్యం చెప్తది, మనిషి చెప్పేది లేదు అన్నాడు.

ముసలాయనకు నేనొక పాఠం చెప్పకపోతే నా పేరు ముత్యం కాదు.

జనవరి 8

అయిపోయింది. రాస్తుంటే నాకే నవ్వొస్తోంది.

పైనా పక్కలా ఆయన చెప్పినట్టే నీలం రంగు, టూకే క్లియర్ మూడు పూతలు. అద్దంలా ఉంది. కింద మాత్రం నా ఇష్టం. ముందు ఎర్ర ఎనామిల్‌తో, బ్రష్షుతో, రెక్క నుంచి రెక్కకు పెద్ద అక్షరాలు రాశాను. కుడి రెక్క కింద 'వణుకుడు'. పొట్ట మీద 'సాబ్'. ఎడమ రెక్క కింద 'సవారీ'. దాని మీద తెల్ల లక్కర్ కొట్టాను. అక్షరాలు మాయం. క్లియర్ వెయ్యలేదు.

విమానం ఎగురుతుంది. నూనె కారుతుంది. దిగాక గుడ్డతో తుడుస్తారు. తెలుపు కరిగి అక్షరాలు బయటికొస్తాయి. అప్పుడు ఆయన ముఖం చూడాలి. తర్వాత నేనే మళ్లీ ఖర్చు లేకుండా కొట్టి ఇస్తాను, అదీ మనసులో ఉంది. నిరుడు మా దోస్తు భూమన్న ట్రాక్టర్ వెనక 'పెళ్లికి పిల్ల కావలెను' అని రాసినప్పుడు కూడా నేనే చెరిపాను కదా.

నమూనా ముక్కకు క్లియర్ మూడు పూతలూ శుభ్రంగా వేశాను. వెనక సంతకం చేశాను. ముత్యం, 8-1-25.

జనవరి 19, ఆదివారం

రుద్రూర్ దగ్గర భూమన్నకు పడావు భూమి ఉంది, ట్రాక్టర్‌తో చదును చేయించాడు. అక్కడే ఎగరేశారు. అటూ ఇటూ చెరుకు. నేనూ పోయాను, పోకుండా ఎలా ఉంటాను.

అల్మాస్ రిమోట్ పట్టుకుంది. నల్ల బురఖా, కాళ్లకు స్పోర్ట్స్ బూట్లు. షరీఫ్ సాబ్ ఇంజిన్ తిప్పాడు. విమానం ఇరవై గజాలు ఉరికి లేచింది. చెరుకు మీదుగా పోయి, తిరిగి మా నెత్తి మీదుగా వచ్చింది. ఆ పిల్ల పెదవి కొరుక్కుంటూ పైకే చూస్తోంది. షరీఫ్ సాబ్ పైకి చూడటం లేదు. ఆ పిల్ల వేళ్లను చూస్తున్నాడు. అంత సంతోషం మనిషి ముఖంలో నేను ఈ మధ్య చూడలేదు.

దిగాక అల్మాస్ బోర్లించి, సబ్బునీళ్ల గుడ్డతో తుడిచింది.

అక్షరాలు రాలేదు.

తెలుపుతో పాటు ఎరుపు కూడా కరిగింది. ఎనామిల్‌ను కూడా ఆ నూనె తింటుందని నాకు తోచనే లేదు. పొట్టా కుడి రెక్కా అంతా గులాబీ రంగు పేస్టు. గుడ్డకు అంటుకుని, చేతులకు అంటుకుని, దాని కింద సిల్కు తేలింది. కట్టె నూనె తాగింది. తోలు వొలిచిన మేకలా ఉంది.

అందరూ నిలబడిపోయారు. నేను చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను. నా నోట్లోంచి వచ్చింది ఇది: అల్మాస్ నెయిల్ పాలిష్ తీసే మందుతోని తుడిచినట్టుంది సాబ్, రేపు లిప్‌స్టిక్ కూడ పెడ్తది విమానానికి.

భూమన్న పడీ పడీ నవ్వాడు. షరీఫ్ సాబ్ నవ్వలేదు. ఆ పిల్ల వైపు తిరిగి, నిన్న రాత్రి దీన్ని దేనితోనన్న తుడిచినవా, థిన్నర్ గిట్ల ముట్టినవా అని అడిగాడు. లేదు అబ్బా, పొడి గుడ్డనే అని తండ్రికి చెప్పింది. మళ్లీ అడిగాడు. మళ్లీ లేదంది.

బస్సులో ఇంటికొచ్చాను. అన్నం తినలేదు.

జనవరి 20

రేపు ఫోన్ చేసి చెప్తాను.

జనవరి 22, బుధవారం

చెప్పలేదు. ఆయనే వచ్చాడు.

జేబులోంచి కట్టెముక్క తీశాడు. రెండు రోజులు గ్లాసెడు నూనెలో ముంచి ఉంచాడట. గోరుతో గీకి చూపించాడు. మచ్చ లేదు. నీ పనిల తప్పు లేదు ముత్యం, పరేషాన్ గాకు, నువ్వు నాకు మొహం చూపిస్త లేవని తెలిసే వచ్చిన అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది.

మరి ఎట్లయింది సాబ్ అన్నాను.

పిల్ల అబద్ధం ఆడుతున్నది అన్నాడు. నువ్వే కదా చెప్పినవ్, ఇంట్ల చూస్తే ఆ మందు సీస ఉంది, సగం ఖాళీ. తప్పు చేస్తే చెయ్యనీ, రంగే కదా. కాని మొహం మీద మొహం పెట్టి లేదంటది. ఇరవై ఎనిమిదేండ్ల పిల్ల. రిమోట్ అల్మారీల పెట్టి తాళం ఏసిన.

ఫిబ్రవరి 23న వాళ్ల పాత ఫిట్టర్లందరూ కలుస్తున్నారట, నలభై మంది దాకా. మహారాష్ట్ర నుంచి కూడా వస్తున్నారు. వాళ్ల ముందర విమానం ఎగరెయ్యాలి. ఎవరు ఎగరేస్తరు సాబ్ అని అడిగాను. నేనే అన్నాడు.

ఆ చేతులతో. పైకి లేచిన అర నిమిషంలో నేలకు కొడుతుంది. మూడేళ్ల పని.

టీ తాగి పోయాడు. ముక్క నా బల్ల మీద పెట్టి, ఇది నువ్వే ఉంచుకో, నీ ఇమాన్‌దారీకి సాక్ష్యం అన్నాడు.

జనవరి 23

నా భార్య సుమన అడిగింది, ఏందయ్యా మూడు రోజుల సంది ఎవర్ని ఏడిపిస్త లేవు, జరమొచ్చిందా అని. ఆమెకు చెప్పాను. మొత్తం. చెంబు కింద పెట్టి నా ముఖం చూసింది. నీకు నలభై ఆరేండ్లు అంది. అంతే. మళ్లీ చెంబు తీసుకుని పోయింది.

జనవరి 30

అల్మాస్ ఫోన్ చేసింది. నంబర్ చూసి ఎత్తలేదు. మూడోసారికి ఎత్తాను.

ముత్యమన్నా, నువ్వు పెయింటర్‌వి, గా మందుతోని అట్ల అయితదా కాదా, ఒక్క మాట అబ్బాకు చెప్పు అంది. నేను దాన్ని గోర్ల రంగు తీసుకోనీకి వాడిన, ఈద్‌కు కొన్నది, అందుకే సగం అయింది. అబ్బా నాతోని మాట్లాడ్త లేడు. రొట్టె పెడితే తింటడు, గిన్నె పక్కకు జరుపుతడు. పొద్దున అల్మారీ తెరిచి, ఖాళీ రిమోట్ చేతులల్ల పట్టుకొని అద్దం ముంగట నిలబడి నేర్చుకుంటున్నడు. చూడబుద్ధి అయితలేదు అన్నా.

చూస్త అమ్మా అన్నాను. షాపుకు బండి వచ్చింది, మళ్లీ చేస్త అన్నాను. బండి రాలేదు. షాపులో నేనొక్కణ్ణే.

ఎందుకు చెప్పలేను? రాస్తే తేలుతుందేమో. ఆయన తిడతాడని కాదు. నన్ను తిట్టని మనిషి నిజామాబాద్‌లో ఎవరు? తిట్టిన వాళ్లు మళ్లీ నవ్వుతారు, అదే నా బతుకు. ఇది చెబితే ఆ మూడు మాటలు చెప్పాలి. ఆయన చెయ్యి నా భుజం మీద పెట్టాక ఆ మాటలు నా నోట రావడం లేదు. జనవరి 8 పేజీ చదివాను. నవ్వొస్తోంది అని రాసుకున్నాను.

ఫిబ్రవరి 5, బుధవారం

బోధన్ పోయాను. చెప్పాను.

చెప్పాననుకున్నాను. వాకిట్లో మంచం మీద కూర్చుని, సాబ్, తప్పు నాది, పొట్ట కింద క్లియర్ నేనే వెయ్యలే అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

అల్మాస్ ఫోన్ చేసిందా నీకు అన్నాడు. చేసిందన్నాను. అదే అనుకున్న అన్నాడు. నువ్వు మంచోనివి ముత్యం, నోరే ఖరాబ్. ఆడపిల్లను బచాయించనీకి నీ పేరు చెడగొట్టుకుంటున్నవ్. ముక్క ఉన్నది కదరా నా దగ్గర... నీ దగ్గర. రెండు రోజులు నానింది. అది అబద్ధం చెప్తదా?

ముక్కకు వేసిన, విమానానికి వెయ్యలే సాబ్ అన్నాను. ఎందుకు వెయ్యవు, ముక్కకు వేసినోడివి దానికెందుకు వెయ్యవు, పాగల్‌వా అని నవ్వాడు.

ఎందుకో చెప్పలేదు. పరాచికానికి కింద రాశానంటే ఏం రాసినవ్ అంటాడు.

లోపల అల్మాస్ నిలబడి ఉంది. మొత్తం విన్నది. నా వైపు దండం పెడుతున్నట్టు చూసింది, నేనేదో త్యాగం చేశానని. బిర్యానీ తినిపోవాలని పట్టుబట్టారు. తిన్నాను.

ఫిబ్రవరి 6

తిన్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

మళ్లీ పోయాను. ఈసారి కళ్ల ముందు పెట్టి చూపించాలనుకున్నాను. చెబితే నమ్మని మనిషి చూస్తే నమ్ముతాడు. ఎన్ని అబద్ధాలు నమ్మించాను ఈ చేతులతో, ఒక్క నిజం నమ్మించలేనా.

సైలెన్సర్ కుడి వైపు ఉంటుంది. అందుకే నూనె మొత్తం కుడి రెక్కకూ పొట్టకూ కొట్టింది. ఎడమ రెక్క కింద ఇంకా తెల్లగా, కొత్తగా ఉంది. విమానం వాకిట్లో బోర్లించమన్నాను. అల్మాస్‌ను కూడా రమ్మన్నాను. సాబ్, మీ డబ్బాల నుంచి మీ నూనె మీరే గుడ్డ మీద పొయ్యిండ్రి అన్నాను. పోశాడు, సగం నేల మీద పోయింది.

ఎరుపుకు అంటకముందే ఆపుతూ మెల్లగా తుడిచాను. ఈసారి తెలుపు మాత్రమే లేచింది. ఎర్రగా 'స' వచ్చింది. తర్వాత 'వా'. తర్వాత 'రీ'.

పక్కింట్లో ఎవరో మిక్సీ పట్టారు, అది ఆగాక షరీఫ్ సాబ్ వంగి చూశాడు.

సవారీ అని చదివాడు. ఇది ఆఖరి మాట. దీని ముంగట ఏమున్నది అని అడిగాడు.

పోనీయుండ్రి సాబ్ అన్నాను. నా విమానం మీద నువ్వు రాసినవ్, నేను చదవద్దా అన్నాడు. గట్టిగా అనలేదు. చెప్పు. పిల్ల ముంగటనే చెప్పు.

నేల చూస్తూ చెప్పాను. వణుకుడు సాబ్ సవారీ.

తన చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. ముందూ వెనకా, బజారులో వస్తువు చూసినట్టు. తర్వాత నవ్వాడు. నిజంగా నవ్వాడు, దగ్గొచ్చేదాకా. అరే ముత్యం, మా వర్క్‌షాప్‌ల ఒకడికి కాలి వేళ్లు పోతే డేడ్ ఫుట్, అంటే పాదమున్నర, అని పిలిచినం, వాడు రిటైర్ అయ్యేదాక పలికిండు. నాకు చెప్తే నేనే రాయమనేటోణ్ణి కద. పైన రాయమనేటోణ్ణి. క్లియర్ వేసి రాయమనేటోణ్ణి. అల్మాస్, విన్నవా అని ఆమె వైపు తిరిగాడు.

అల్మాస్ నవ్వలేదు.

అబ్బా, ముట్టలేదని చెప్పిన అంది. మూడు వారాలు చెప్పిన. కట్టెముక్క చెప్తే విన్నవ్. ముత్యమన్న జోక్ చేస్తే విన్నవ్. ఇప్పుడు రంగు చెప్తే వింటున్నవ్. నేను చెప్తే ఎందుకు వినలేదు?

ఆ పిల్ల నా వైపు తిరిగింది. అన్నా, మొన్న నీకోసం నమాజ్‌ల దువా చేసిన అంది. లోపలికి పోయింది.

షరీఫ్ సాబ్ నవ్వు ముఖం మీద అట్లాగే మిగిలిపోయింది, తీసెయ్యడం మరిచినట్టు. అల్మారీ తెరిచి రిమోట్ తీసుకుని ఆమె గది తలుపు దగ్గర నిలబడ్డాడు. తలుపు కొట్టలేదు. నేను గేటు దగ్గరికి పోయి వెనక్కి చూసేసరికి కూడా అట్లాగే నిలబడి ఉన్నాడు.

ఫిబ్రవరి 10

బండి మడ్‌గార్డుకు ఆకుపచ్చ బదులు నీలం కొట్టాను. కస్టమర్ ఇది కూడా పరాచికమేనా అన్నాడు. కాదంటే నమ్మలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

అల్మాస్ విమానం తీసుకుని షాపుకొచ్చింది. ఒక్కతే. స్కూలుకు సెలవు పెట్టిందట.

నేను స్ప్రే గన్ అందుకోబోయాను. నువ్వు ముట్టకు అంది.

నేను చెప్పాలి, ఆమె చెయ్యాలి. మొదట కట్టె తాగిన నూనె లాగాలి. టాల్కం పౌడర్ చల్లి, ఆరబెట్టి, దులిపి, మళ్లీ చల్లింది. నాలుగుసార్లు. పౌడర్ పసుపు పచ్చగా అయి రాలింది. ఇంజిన్ వెనక కట్టెకు ఆరాల్డైట్ జిగురు పల్చగా పూసింది, లోపల ట్యాంకు గదికి కూడా, చెమ్మ ఎక్కడా దిగకుండా. అంచులు వేలితో తడుముతూ చూసుకుంది. చేసే కొద్దీ ఆమె చెయ్యి నాకంటే బాగా తిరుగుతోంది. హార్డనర్ దగ్గరికి వచ్చేసరికి ఇంజెక్షన్ సిరంజి తీసింది. లెక్కల టీచర్. చుక్క ఎక్కువ కాలేదు.

నేను మాస్కు ఇచ్చాను. ఫ్యాన్ అటు తిప్పాను. లైటు పట్టుకున్నాను. మొదటి పూత, ఇరవై నిమిషాలు, రెండో పూత, ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో మాటలుండాలి కదా. నాకు జీవితంలో మొదటిసారి ఒక్క మాటా తోచలేదు. తోచినవన్నీ జోకులే. మింగాను.

మూడో పూత అయ్యాక, అబ్బా ఏమంటున్నడు అని అడిగాను. మాఫీ అడిగిండు అంది. రిమోట్ తీసుకున్నవా అంటే గ్లౌజులు తీసి బుట్టలో వేసింది.

వారం దాకా ఎవరూ ముట్టద్దు, బుధవారం నాడు వచ్చి తీస్కపోత అంది. ఆటో ఎక్కే ముందు మళ్లీ వచ్చింది. అన్నా, ఇరవై మూడు తారీఖు నాడు నువ్వు రాకు. అబ్బా పిలుస్తడు. నువ్వే రాకు. నువ్వుంటే అందరు నవ్వుదామని చూస్తరు.

రానమ్మా అన్నాను.

ఫిబ్రవరి 20

నిన్న తీసుకుపోయింది. పూత గట్టిపడింది. తలుపు కింది సందులోంచి దుమ్ము రాకుండా వారం పాటు తడి గోనె పట్టా అడ్డం పెట్టి ఉంచాను. అది చెప్పలేదు.

షరీఫ్ సాబ్ ఫోన్. భూమన్న ట్రాక్టర్ పంపుతడు, సుమనను కూడ తీస్కరా, బగారా అన్నం ఉంది అన్నాడు. ఎవరు ఎగరేస్తున్నరు సాబ్ అని అడగబోయి ఆగాను. నడుం పట్టింది, రాలేను అన్నాను. సుమన పక్కనే ఉంది. ఈ ఒక్క అబద్ధానికి ఏమీ అనలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం, పొద్దున 10:40

షాపు మూసి ఉంది, లోపల కూర్చున్నాను. ఫోన్ మోగింది, షరీఫ్ సాబ్. హలో అంటే మాట లేదు. జనం గోల, ఆ తర్వాత ఇంజిన్ మోత. ఫోన్ ఆకాశం వైపు ఎత్తి పట్టుకున్నట్టున్నాడు. చెయ్యి వణుకుతున్నందుకు మోత మధ్యలో గరగరమంటోంది.

రిమోట్‌కు రెండు చేతులూ కావాలి. ఆయన చెయ్యి ఫోన్ మీద ఉంది.

ఆరు నిమిషాలు విన్నాను.